వేలూరులో దొరికిన చుట్టము



చిత్తూరు నుండి వేలూరు సుమారు 35 కిలోమీటర్లే. అయినా మన పల్లెలలో "వేలూరుకు తీసుకొని పోయినారంట" అనగానే విన్నవారి ముఖము మారిపోతుంది. ఆ మాటలో భయమూ ఉంది, ఆశా ఉంది. మా సంఘ పెద్దగారి భార్యకు మూడు నెలలుగా కడుపు నొప్పి తగ్గక, మనిషి చిక్కిపోతూ ఉంటే, మేమును ఆ బస్సు ఎక్కవలసి వచ్చినది. సంఘమంతా ఆమెను పెద్దమ్మ అని పిలుస్తాము. పెద్దగారు రెండు ఆవులను అమ్మి ఆ డబ్బు పంచె చెంగున కట్టుకున్నారు. పాస్టరమ్మా మేమూ తోడు వెళ్లాము.

తెల్లవారకముందే ఇడా స్కడ్డర్ రోడ్డు నిండా జనము. మన తెలుగువారేగాక బెంగాలు నుండి, బీహారు నుండి, ఈశాన్య రాష్ట్రముల నుండి, బంగ్లాదేశ్ నుండి కూడ వచ్చినవారున్నారు. అంగళ్ల బోర్డుల మీద బెంగాలీ అక్షరములు కనబడతాయి. చుట్టుపట్ల వీధులలో వరుసగా లాడ్జీలు. గదిలోనే అన్నము వండుకొని, క్యారియరు పట్టుకొని వార్డుకు నడిచేవారు ఎందరో. ఒకరి భాష ఒకరికి రాదు. అయినా మెట్ల మీద కూర్చున్నవారి ముఖములను చూస్తే అందరిదీ ఒకే ప్రశ్న అని తెలిసిపోతుంది.

ఈ ఆసుపత్రి కథ రోగి ఇంటివారు వచ్చి తలుపు తట్టుటతోనే మొదలైనది. సుమారు 1890 ప్రాంతములో తిండివనములో ఒక్క రాత్రే ముగ్గురు భర్తలు, ఒకరి తరువాత ఒకరు, మిషనరీ వైద్యుని ఇంటికి వచ్చారు. ముగ్గురి భార్యలూ ప్రసవ వేదనలో ఉన్నారు. పురుషుడైన వైద్యుని ఇంటిలోనికి రానిచ్చుటకు వారి ఆచారము ఒప్పుకోలేదు. వైద్యుని కుమార్తె ఇడా స్కడ్డర్‌ను రమ్మన్నారు గాని ఆమెకు వైద్యము తెలియదు. ఆ ముగ్గురు స్త్రీలూ మరణించారు. ఆ రాత్రి ఆమె జీవితమును మార్చినది. అమెరికాలో వైద్యవిద్య ముగించి వచ్చి, 1900లో వేలూరులో ఒకే పడకతో పని ఆరంభించినది. 1902లో 40 పడకల ఆసుపత్రి, 1909లో నర్సుల శిక్షణ, 1918లో స్త్రీలకు వైద్య పాఠశాల వచ్చినవి. ఆమె 1960లో ప్రభువునందు నిద్రించినది.

ఇంటివారిని గడప బయట నిలువబెట్టకుండుట కూడ ఇక్కడ వైద్యములో ఒక భాగమైనది. 1957లో బాగాయములో ఆరంభమైన మానసిక ఆరోగ్య కేంద్రములో రోగితోపాటు ఇంటివారొకరు ఉండి, చికిత్సలో పాలుపొందే పద్ధతి పెట్టారు.

మా సంగతికి వస్తాము. వార్డులో పాస్టరమ్మ పెద్దమ్మ దగ్గర ఉండేది. అక్కడ పనిచేసే ఆయా ఒకామె గుడియాత్తం వైపు మనిషి. ఇంట్లో తెలుగే. "ఏం పెద్దమ్మా, రాత్రి నిద్ర పట్టిందా?" అని అరవ యాసతో పలకరించేది. నొప్పి తగలకుండ దుప్పటితో రోగిని ఎలా పక్కకు తిప్పాలో పాస్టరమ్మకు నేర్పినది. మేము తెచ్చిన సంగటి, చెనక్కాయల ఊరిబిండి ఒక ముద్ద రుచి చూసి, "మా అమ్మ చేసినట్టే ఉంది" అన్నది. కూతురి పెండ్లి కుదరలేదని ఒక రాత్రి పెద్దమ్మ దగ్గర కన్నీరు పెట్టుకున్నదట. పెద్దమ్మ ఆమె చెయ్యి పట్టుకొని ప్రార్థన చేసినది. మంచము పట్టిన మనిషి నిలువబడి ఉన్న మనిషి కొరకు ప్రార్థించుట మాకు ఆశ్చర్యమైనది.

నాలుగవ దినమున పరీక్షల ఫలితములు వచ్చినవని తెలిసినది. పెద్దగారు ఆ ఆయాను బ్రతిమాలారు. "డాక్టరుగారే చెప్తారు నాయనా" అని ఆమె తల వంచుకొని వెళ్లబోయినది. ఆ ముఖము చూడగానే మాకు గుండె జారిపోయినది. భయము కోపమైనది. వరండాలో ఆమెను నిలబెట్టి, "పెద్దమ్మా అని పిలుస్తావు, మా ముద్ద తిన్నావు, ఒక్క మాట చెప్పడానికి నోరు రాదా?" అన్నాము. ఆదివారము ప్రేమను గూర్చి ప్రసంగించే నోటితో, పెట్టిన ముద్దను లెక్క అడిగాము.

మధ్యాహ్నము డాక్టరుగారు మమ్మును కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పారు. క్యాన్సరు. అప్పటికే వ్యాపించినది. ఆపరేషను వలన మేలు లేదు, నొప్పి లేకుండ ఇంటి దగ్గర చూచుకొనవచ్చును అన్నారు. పెద్దగారు వరండాలో నేల మీద కూలబడ్డారు. డ్యూటీ ముగిసిన ఆయా ఇంటికి పోకుండ వచ్చి, ఆయన ప్రక్కనే సాయంత్రము వరకు కూర్చున్నది. మాట్లాడలేదు. నీళ్లు తెచ్చి ఇచ్చినది.

మేము క్షమాపణ అడిగాము. "అయ్యగారూ, నేను చదువుకున్నదాన్ని కాదు. సగము తెలిసి తప్పుగా చెప్తే ఆ మాట మీ ప్రాణములో ముల్లులా ఉండిపోతుంది. చెప్పాల్సినవాళ్లు చెప్పాక పక్కన కూర్చోవడము నాకు చేతనవుతుంది" అన్నది. డిప్లొమా చదువులో మాకు ఆ పాఠము అంతగా అంటలేదు.

పెద్దగారికి చదువు రాదు. నర్సు సిస్టరుగారు మాత్రల చీటీ మీద సూర్యుని బొమ్మ, చంద్రుని బొమ్మ గీసి ఏ పూటకు ఏదో చూపించారు. బయలుదేరేటప్పుడు పెద్దగారు ఆయా చేతిలో ఐదువందల నోటు పెట్టబోయారు. ఆమె వెనుకకు జరిగినది. "ఇది తీసుకుంటే రేపు మీ ఊరికి చుట్టముగా ఎట్ల వచ్చేది?" అన్నది.

పెద్దమ్మ మరి మూడు నెలలు మన మధ్య ఉన్నది. జ్ఞాపకార్థ కూటము దినమున ఆ ఆయా రెండు బస్సులు మారి, అరటిపండ్ల సంచితో మా గుడి ముందు దిగినది. ఆడపడుచుల వరుసలో పోయి కూర్చున్నది. ఎవరని అడిగినవారికి పెద్దగారు "మా చెల్లెలు" అని మాత్రమే చెప్పారు. మరుసటి ఏడు ఆమె కూతురి పెండ్లికి ఆయన బెల్లము బుట్ట మోసుకొని వెళ్లారు.

ఇప్పుడు ఊరిలో ఎవరికి జబ్బు చేసినా ఆమె ఫోను నంబరు అడుగుతారు. పెద్దగారు ఇవ్వరు. "వరుసలో ముందుకు పోయేదానికి కాదప్పా ఆ చుట్టరికము" అంటారు. కావలసినవారితో తానే బయలుదేరి వెళ్తారు. ఏ గదికి పోవాలో, ఎక్కడ కూర్చోవాలో చూపిస్తారు. దుప్పటితో రోగిని తిప్పుట కూడ ఆయనే నేర్పుతారు.

మంచి సమరయుని గూర్చి మనము ఎన్నో ప్రసంగములు విన్నాము. అతడు వెళ్లిపోయిన తరువాత గాయపడినవానిని చూచుకొన్న పూటకూళ్లవాడొకడున్నాడు. అతని పేరు లేఖనములో లేదు. మన ఆసుపత్రులలో తుడిచేవారు, మోసేవారు, రాత్రంతా మేలుకొనేవారు అటువంటివారే. ఈసారి మీరు ఆసుపత్రికి వెళ్లినప్పుడు వారి పేరు అడగండి. వారి పిల్లల క్షేమము అడగండి. నోటు చేతిలో పెట్టవద్దు. భయముతో ఉన్నప్పుడు నోరు జారవద్దు. మేము జారి నేర్చుకున్నాము. ఇంటికి వచ్చిన తరువాత కుటుంబ ప్రార్థనలో వారి పేరు కూడ చెప్పండి.