రెండో పేరు

జూన్ 12. తెలంగాణలో బడి గంట మళ్లీ మోగే రోజు. నెల్లికుదురు మండలంలోని ఏదో ఒక లంబాడీ తండా నుంచి ఒకటో తరగతికి వచ్చే పిల్లకు ఆ రోజు గది కొత్త, బెంచీ కొత్త, అన్నిటికన్నా భాష కొత్త. ఇంట్లో అమ్మ అంటే 'యాడి'. బడిలో పలకరింపు తెలుగు. 2022-23 నుంచి సర్కారు బడి పుస్తకంలో ఒక పేజీ తెలుగు, పక్క పేజీ ఇంగ్లీషు. చిన్న ప్రాణం మీద ఒక్కసారే మూడు భాషలు!

ఆ పిల్ల గుమ్మం దగ్గర తల్లి కొంగు వదలకుండా నిలబడుతుంది. టీచరు కిందికి వంగి, "మీ యాడి పొద్దున ఏం వండింది బిడ్డా?" అని అడిగితే, బిగిసిన పిడికిలి మెల్లగా సడలుతుంది.

పిల్లలకు ఇలా దగ్గరయ్యే పని బడి గంట కొట్టకముందే మొదలవుతుంది. పిల్లల్ని బడిలో చేర్పించడానికి ప్రొఫెసర్ జయశంకర్ పేరుతో నడిచే బడిబాట 2024లో జూన్ 6నే మొదలైంది. టీచర్లు ఇంటింటికీ తిరిగారు. ఎవరి నాన్న పట్నానికి కూలికి పోయాడో, ఎవరు అమ్మమ్మ దగ్గర పెరుగుతున్నారో తెలిసేది ఆ గడపల దగ్గరే.

విద్యావేత్త గిజుభాయి రాసిన 'పగటికల'లోని టీచరుకు మొదటి రోజు మౌనం ఆట బెడిసికొట్టింది. కథ మొదలుపెట్టాకే పిల్లలు దగ్గరయ్యారు. ఒకటో తరగతికి మూడు నెలల ఆటపాటల కార్యక్రమం 'విద్యా ప్రవేశ్' 2021లో వచ్చిందీ పిల్లలను ఇలా బడికి దగ్గర చేయడానికే.

రిజిస్టర్‌లో పేరు ఒకటి, తండాలో పిలిచే ముద్దుపేరు ఇంకొకటి. మొదటి వారంలోనే టీచర్లు ఆ రెండో పేరు కూడా అడిగి రాసుకుంటే ఎంత బాగుంటుందో!