పాత డిస్కులో ఉండిపోయేవి

కొత్త కంప్యూటర్ కొన్నప్పుడు చాలామంది డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్, డౌన్‌లోడ్స్ ఫోల్డర్లను బయటి డిస్కులోకి ఎక్కించి, కొత్తదాంట్లోకి దించుకుని, పని అయిపోయిందనుకుంటారు. రానివేవో పది పదిహేను రోజులకు గానీ బయటపడవు. తెరమీద అంటించుకున్న పసుపు చీటీలు ఉండవు. బ్రౌజర్‌లో దాచిన చిరునామాలు, పాత మెయిళ్లు, ఊళ్లో ఉన్నవాళ్లతో ఏళ్ల తరబడి నడిపిన ముచ్చట్లు కూడా కనిపించవు. 2025 అక్టోబరు 14న విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు ఆగిపోయాక విండోస్ 11కు సరిపడని యంత్రాలు చాలా ఇళ్లలో అటకెక్కాయి. వాటితోపాటు ఇవీ అటకెక్కాయి. ఇవి పోయినవి కావు, పాత డిస్కులోనే ఇంకోచోట ఉన్నవి.

విండోస్‌లో రెండు రకాల ఫైళ్లుంటాయి. ఒకటి మనిషి పేరు పెట్టి దాచుకున్నది. రెండోది ప్రోగ్రాం తనంతట తాను దాచిపెట్టినది. ఈ రెండో రకం 2007లో వచ్చిన విస్టా నుంచి యాప్‌డేటా అనే ఫోల్డర్‌లోకి వెళుతోంది. అంతకుముందు ఎక్స్‌పీలో దాని పేరు అప్లికేషన్ డేటా. పొరపాటున ఎవరూ చెరపకుండా దానిని కంటికి కనబడని ఫోల్డర్‌గా ఉంచారు. మామూలుగా విండోస్ వెతుకులాట కూడా దాని జోలికి పోదు. అందుకే ఫైలు పేరు సరిగ్గా కొట్టినా దొరకదు.

ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ మెనూకు వెళ్లి హిడెన్ ఐటమ్స్‌కు టిక్కు పెడితే, సీ డ్రైవ్‌లో యూజర్స్ కింద, ఇంటివాళ్ల పేరున్న ఫోల్డర్‌లో అది లేత రంగులో కనబడుతుంది. లోపల లోకల్ (Local), లోకల్-లో (LocalLow), రోమింగ్ (Roaming) అని మూడు గదులు. విండోస్ 10లోని స్టికీ నోట్స్ చీటీలు లోకల్‌లోని ప్యాకేజెస్ ఫోల్డర్‌లో ప్లమ్.ఎస్‌క్యూలైట్ అనే ఫైల్లో ఉంటాయి. దాని పక్కనే అదే పేరుతో మొదలయ్యే ఒకటి రెండు ఫైళ్లుంటే వాటినీ కలిపే తీసుకోవాలి. చివరగా రాసిన చీటీ వాటిలోనే ఉండిపోయి ఉండవచ్చు. క్రోమ్ బుక్‌మార్కులు లోకల్‌లో, ఫైర్‌ఫాక్స్‌వి రోమింగ్‌లో. వర్డ్‌లో సేవ్ చేయకుండా మూసేసిన కాగితాలకు లోకల్‌లోని ఆఫీస్ ఫోల్డర్‌లో అన్‌సేవ్డ్‌ఫైల్స్ అని వేరే చోటుంది. పాస్‌వర్డుల సంగతి వేరు. క్రోమ్ వాటికి వేసే తాళం పాత యంత్రంలోని విండోస్ ఖాతాకు ముడిపడి ఉంటుంది కనుక, ఫైలు కాపీ చేసినంత మాత్రాన కొత్తచోట తెరుచుకోదు. పాత యంత్రం పనిచేస్తుండగానే క్రోమ్ సెట్టింగుల నుంచి వాటిని బయటికి తీసుకోవాలి.

దేశం దాటి వచ్చిన కుటుంబాలకు అన్నిటికంటే విలువైనది మాటల సంచి. స్కైప్ 2025 మే 5న మూతపడింది. అయినా ఎనిమిదో వెర్షన్‌కు ముందటి స్కైప్‌ను వాడిన కంప్యూటర్లలో, రోమింగ్ కింద స్కైప్ ఫోల్డర్‌లో, వాడిన పేరుతో ఉన్న గదిలో మెయిన్.డీబీ అనే ఫైలుంటుంది. అప్పట్లో అమ్మానాన్నలు టైపు చేసి పంపిన మాటలు, ఏ రోజు ఎంతసేపు మాట్లాడారన్న లెక్క అందులో ఉంటాయి. డీబీ బ్రౌజర్ ఫర్ ఎస్‌క్యూలైట్ అనే ఉచిత ప్రోగ్రాంతో తెరిచి, మెసేజెస్ పట్టిక చూస్తే చాలు. స్కైప్ సర్వర్లతో పనిలేదు. మాట్లాడిన మనుషులు ఇప్పుడు లేని ఇళ్లలో ఆ ఒక్క ఫైలు కోసమైనా పాత డిస్కును తెరవాలి.

2018 జులైలో ఆగిన యాహూ మెసెంజర్ ఇంకాస్త లోతున ఉంటుంది. సంభాషణలు దాచమని సెట్టింగు పెట్టుకున్నవారికి అది వాటిని ప్రోగ్రాం ఫైల్స్‌లోని తన ఫోల్డర్‌లో రాసేది. విస్టా నుంచి అక్కడ రాయడానికి మామూలు ప్రోగ్రాములకు అనుమతి లేదు. అయితే పాత ప్రోగ్రాములను విండోస్ ఆపదు, అవి రాసేదాన్ని చెప్పకుండా లోకల్‌లోని వర్చువల్‌స్టోర్ అనే చోటుకు మళ్లిస్తుంది. పాతకాలపు జాతకాల ప్రోగ్రాములు, ఇంటి ఖర్చుల ప్రోగ్రాములు రాసుకున్నవి కూడా ఇలాగే అక్కడ చేరి ఉండవచ్చు. వర్చువల్‌స్టోర్ పేరు ఎక్కువమంది విని ఉండరు, కనుక దానిని తప్పక చూడాలి.

కొన్ని ఫైళ్లు దొరికినా అందవు. అను ఫాంట్లతో టైపు చేసిన తెలుగు ఉత్తరం కొత్త కంప్యూటర్‌లో తెరిస్తే ఇంగ్లిషు అక్షరాల, గుర్తుల కలగాపులగం కనబడుతుంది. ఫైలు చెడిపోలేదు. అసలు అందులో తెలుగు అక్షరాలే లేవు. ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలను కూర్చింది ఆ ఫాంటు. అది లేకపోతే బొమ్మలూ లేవు. తెలుగులో ఏ మాట పెట్టి వెతికినా ఆ ఫైలు చిక్కదు. పాత యంత్రంలోని విండోస్ ఫోల్డర్ నుంచి ఫాంట్లను తెచ్చుకుంటే మళ్లీ చదవవచ్చు. ఆపైన యూనికోడ్‌లోకి మార్చుకోవాలి. మార్చే పరికరాలు వత్తుల దగ్గర తడబడతాయి కాబట్టి ఒకసారి కంటితో దిద్దుకోక తప్పదు. పేజ్‌మేకర్‌లో కూర్చిన తెలుగు సంఘాల సావనీర్లయితే, పాత యంత్రం నడుస్తుండగానే పీడీఎఫ్ చేసి పెట్టుకోవడం మేలు.

పాతకాలపు ఆర్‌టీఎస్ ఉత్తరాలు మాత్రం చెక్కుచెదరలేదు. హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఆ పద్ధతి తెలుగును ఇంగ్లిషు లిపిలో, ఉత్త టెక్స్టుగా రాసేది. ఏ యంత్రమైనా దాన్ని తెరుస్తుంది. వెతికేటప్పుడు కూడా ఆ స్పెల్లింగుతోనే వెతకాలి.

మ్యాక్‌లో ఇదే పాత్ర లైబ్రరీ ఫోల్డర్‌ది. 2011 నాటి లయన్ నుంచి అది కంటికి కనిపించదు. ఆప్షన్ మీట నొక్కిపట్టి గో మెనూ తెరిస్తే వస్తుంది. కంప్యూటర్‌లో తీసుకున్న ఐఫోన్ బ్యాకప్‌లు అందులోనే, మొబైల్‌సింక్ ఫోల్డర్‌లో ఉంటాయి. మ్యాక్‌లో చుక్కతో మొదలయ్యే పేర్లు కూడా కనిపించవు, ఇది యూనిక్స్ నుంచి వచ్చింది. ప్రస్తుత ఫోల్డర్‌నూ పై ఫోల్డర్‌నూ సూచించే చుక్క, రెండు చుక్కల గుర్తులను జాబితాలో రానీయకుండా చేయబోయి, మొదటి అక్షరం చుక్క అయితే చాలు వదిలేయమని రాయడంతో అలాంటి పేర్లన్నీ మరుగునపడ్డాయని యూనిక్స్ బృందంలో పనిచేసిన రాబ్ పైక్ చెప్పారు.

పాత కంప్యూటర్ లేవకపోయినా డిస్కు బాగుంటే అన్నీ అందుతాయి. సాటా డిస్కును యూఎస్‌బీ అడాప్టర్‌తో కొత్తదానికి తగిలించవచ్చు. ఎన్‌వీఎంఈ రకానికి వేరే డబ్బీ కావాలి. యూజర్ ఫోల్డర్ తెరవబోతే అనుమతి లేదంటుంది, కంటిన్యూ నొక్కాలి. బిట్‌లాకర్ తాళం ఉంటే 48 అంకెల తాళంచెవి అడుగుతుంది. అది పాత యంత్రాన్ని తెరిచిన మైక్రోసాఫ్ట్ ఖాతాలో సాధారణంగా దొరుకుతుంది. డిస్కు విప్పకముందే దాన్ని రాసిపెట్టుకోవాలి.

కొత్త యంత్రంలో డాక్యుమెంట్స్ ఖాళీగా కనబడితే కంగారు అక్కర్లేదు. వన్‌డ్రైవ్ తన పేరుతో ఉన్న ఫోల్డర్‌లోకి వాటిని మళ్లించి ఉండవచ్చు. మబ్బు గుర్తున్న ఫైళ్లు మాత్రం కంప్యూటర్‌లో ఇంకా లేవు, తెరిచినప్పుడే దిగుతాయి. ఉన్న యంత్రం మీదే విండోస్‌ను కొత్త వెర్షన్‌కు మార్చినవారికి విండోస్.ఓల్డ్ ఫోల్డర్ మామూలుగా పది రోజులే ఉంటుంది. ఆలోగా అందులోని యాప్‌డేటా చూసుకోవాలి. ఎస్‌ఎస్‌డీలో చెరిపింది తిరిగి రావడం దాదాపు లేనట్టే. స్కైప్ ఫైలు తెరుచుకుని, ఉత్తరాలు తెలుగులో కనబడి, అన్నిటికీ రెండో ప్రతి ఇంకోచోట చేరేదాకా పాత డిస్కును ఎవరికీ ఇవ్వకూడదు, ఫార్మాట్ చేయకూడదు.