మిరప కళ్లాల దారిలో పాత దీపాలు

మా యింట్లో ఒక స్పోర్ట్సు కారుంది. ఈ మాట వినగానే పాఠకులు కళ్లు పెద్దవి చేసుకోనక్కర్లేదు. అది ఒక పాత స్టాండర్డ్ హెరాల్డ్, రెండు తలుపుల బండి. 1961 నుంచి మద్రాసులో తయారైన రకం. ఇంగ్లండులో ట్రయంఫ్ కంపెనీవారు ఈ హెరాల్డ్ చట్రాన్నే కురచచేసి 1962లో స్పిట్‌ఫైర్ అనే అసలు సిసలు స్పోర్ట్సు కారు కట్టారు. రెండింటికీ రూపం దిద్దినవాడు మికెలోట్టి అనే ఇటలీవాడు. ఆ చుట్టరికం పట్టుకుని నేను దీన్ని స్పోర్ట్సు కారంటాను. మా ఆవిడ మాత్రం, "నాలుగు బస్తాలు మోయలేనిదానికి బిరుదొకటి!" అంటుంది.

మార్చి నెల. ఏడాది కారానికి కాయలు తెచ్చుకోవాలి. గుంటూరులో ఉంటూ మిరపకాయల కోసం ఊరు దాటడమేమిటని మీరడగవచ్చు. పర్చూరు అవతల మా బావగారికి సొంత చేనుంది. అన్నగారి చేలో కాయ ఉండగా మా ఆవిడ బజారులో కొనదు.

సాయంత్రం బయలుదేరాం. మిరప యార్డు పక్కగా వచ్చేసరికి అలవాటు ప్రకారం ఇద్దరం చెరో నాలుగు తుమ్ములు తుమ్మాం. చిలకలూరిపేట దాకా జాతీయ రహదారి. కళ్లు మూసుకున్నా బండి పోతుంది. దారి పొడవునా తుమ్మకంపలకు దూది పింజలు పట్టుకుని ఉన్నాయి, పత్తి ట్రాక్టర్లు పోయిన గుర్తుగా. కుడివైపు కోటప్పకొండ దిక్కున పొద్దు గుంకింది. పేటలో ఎడమకు తిరిగి పర్చూరు రోడ్డు పట్టేసరికి చీకటి పడింది. ఈ ప్రాంతం ఒకప్పుడు గుంటూరు జిల్లా, తరువాత ప్రకాశం జిల్లా, 2022 నుంచి బాపట్ల జిల్లా. జిల్లా ఎన్నిసార్లు మారినా నల్లరేగడి మాత్రం మారలేదు. రాత్రిపూట ఆ నేల వెలుతురును మింగేస్తుంది.

పర్చూరు దాటి ఊరి రోడ్డులోకి దిగాం. నా దీపాలు ఆముదపు దీపాల్లా వెలుగుతున్నాయి. రోడ్డు పక్కన నల్లటి నేల తప్ప నాకేమీ కనబడటం లేదు.

"ఏమండీ, ఆపండి!" అని మా ఆవిడ కేక వేసింది.

ఆపాను. బండి ముందు రెండు మూరల దూరంలో ఒక ముసలాయన నడుం వంచి మిరపకాయ పోగుచేస్తున్నాడు. నేను నల్లనేల అనుకున్నదంతా కళ్లం! రోడ్డు అంచు దాకా పరిచిన ఎర్రటి కాయ. మసక వెలుతురులో ఎరుపు నలుపుగా కనబడటం మనిషి కంటి స్వభావమనీ, పుర్కిన్యే అనే చెక్ వైద్యుడు రెండు వందల ఏళ్ల కిందటే గమనించి రాశాడనీ తరువాత చదువుకున్నాను. ఆ క్షణాన నాకు తెలిసింది మాత్రం నా చేతులు వణుకుతున్నాయని.

ముసలాయన లేచి నిలబడ్డాడు. "ఏం బాబూ, దీపాలేసుకోకుండా వస్తన్నావేంది?" అన్నాడు.

"వేసే ఉన్నాయి తాతా," అన్నాను. అంతకంటె సిగ్గుపడవలసిన మాట నా జన్మలో అనలేదు.

ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. మర్నాడు బావగారు పర్చూరులో ట్రాక్టర్లకు వైరింగు చేసే మేస్త్రీని పిలిపించారు. హెరాల్డ్‌లో ఒక సుఖముంది. మడ్‌గార్డులూ దీపాలూ సమస్తం బానెట్‌తోబాటే లేచి ముందుకు వాలుతాయి. మేస్త్రీ చూసి, "ఇది కారా, మొసలి నోరా?" అని ముచ్చటపడ్డాడు. తరువాత ఇంజను నడిపించి మీటరు పెట్టాడు. బ్యాటరీ దగ్గర 13 వోల్టులు. బల్బు దగ్గర 11.

"తక్కిన రెండూ ఏమయినట్టు?" అన్నాను.

"సాగరు కాలవ నీళ్లు మన చివరి భూములకొచ్చేసరికి ఏమవుతున్నాయో అదే అయింది," అన్నాడు మేస్త్రీ. 1967లో సాగర్ కాలువలకు నీళ్లు వదిలిన నాటినుంచీ ఈ వైపు రైతుకు ఆ సామ్యం విడమరిచి చెప్పనక్కర్లేదు. బ్యాటరీలో బయలుదేరిన కరెంటు సన్నటి పాత తీగల్లోంచి డాష్‌బోర్డు స్విచ్చిదాకా పోయి, మళ్లీ ముందుకు తిరిగొచ్చి, తుప్పుపట్టిన అతుకులన్నీ దాటి బల్బు చేరుతుంది. దారి పొడుగునా నష్టమే. పైగా బల్బుకు వోల్టేజి పదో వంతు తగ్గితే వెలుతురు దాదాపు మూడో వంతు తగ్గుతుంది. ఆ లెక్కన నా వెలుతురులో నూటికి నలభై వంతులు దారిలోనే ఇంకిపోతున్నాయన్నమాట.

నేను అప్పటికే 100 వాట్ల బల్బులు వేయించాలని ఉబలాటపడుతున్నాను. మేస్త్రీ ఒప్పుకోలేదు. ఆ బరువు ఈ తీగలు మోయలేవు, స్విచ్చి మాడుతుంది, రిఫ్లెక్టరు మెరుగు పోతుంది. పాత డైనమో ఇచ్చేది పూర్తి వేగంలో 22 ఆంపియర్లు. అందులోనే వైపరూ హారనూ గూడా బతకాలి. తెల్లటి ఎల్.ఇ.డి. బల్బులన్నా తల అడ్డంగా ఊపాడు. తీగ బల్బు కోసం చేసిన అద్దంలో వేరే బల్బు పెడితే వెలుతురు చెదిరి ఎదుటివాడి కళ్లలో పడుతుందట.

చివరకు చేసినది చాలా సాదా పని. ఏడంగుళాల గుండ్రటి హెచ్-4 దీపాలు రెండు తెప్పించాం, 60/55 వాట్లవి. అవి ఎడమవైపు నడిచే దేశాలకోసం చేసినవో కాదో మేస్త్రీ మరీ చూసి తీసుకున్నాడు. కుడివైపు నడిచే దేశాల దీపమైతే డిమ్ములో గూడా వెలుతురు ఎదుటివాడి వైపే ఎగబాకుతుంది. తరువాత బ్యాటరీ నుంచి లావుపాటి కొత్త తీగలు, రెండు రిలేలు, ఫ్యూజులు. అంతకు ముందు మా దీపాలకు ఫ్యూజనేదే లేదు! రిలే అంటే కాలువ మీద లాకులాంటిది. పాత స్విచ్చి దాన్ని తెరవడమే చేస్తుంది. అసలు కరెంటు అడ్డదారిన బల్బుకు పోతుంది. రెండు దీపాలకూ విడివిడిగా ఎర్తు తీగలు గూడా వేశాడు. మళ్లీ మీటరు పెడితే బల్బు దగ్గర పన్నెండున్నర దాటింది. పెరటిగోడ మీద వెలుతురు గీత సరిచూసి దీపాలు బిగించాడు.

మరునాడు సాయంత్రం బావగారు మూడు బస్తాల తేజా కాయ వెనక డిక్కీలోనూ సీటులోనూ కూరి, "ఇక వెళ్లిరా బావా," అన్నారు.

ఆహా, ఏం వెలుతురు! తుమ్మముళ్లు లెక్కపెట్టవచ్చు. ముసలాయన కళ్లం ఫర్లాంగు దూరంనుంచే ఎర్రగా, కుంకుమ ఆరబోసినట్టు కనబడింది. నేను పొంగిపోయి ఆయనకు చూపించాలని బండి ఆపాను. ఆయన మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకుని, తడుముకుంటూ వెనక్కు జరిగాడు. కాలు కంపలో పడింది.

"తాతా, నేనే! మొన్న వచ్చినవాణ్ణి. డిమ్ములోనే ఉంది!" అన్నాను కిందికి దూకి.

"మొన్న నీకు కనపళ్లా. ఇయ్యాల నాకు కనపళ్లా. తేడా ఏముంది బాబూ?" అన్నాడాయన ముళ్లు పీక్కుంటూ.

నాకు నోట మాట రాలేదు. మా ఆవిడ బండి వెనక్కు వెళ్లి చూసి, "ఏమండీ, దీని వెనక భాగం కుంగిపోయింది. ముక్కు ఆకాశం చూస్తోంది," అంది. అదీ సంగతి! గోడ మీద గీత సరిచూసింది ఖాళీ బండికి. మూడు బస్తాల బరువుకు వెనక కుంగి, డిమ్ము వెలుతురు గూడా పైకి లేచి నేరుగా మనుషుల కళ్లలో పడుతోంది.

కళ్లం పక్కనే ఒక గోడౌను గోడ ఉంది. చదునైన చోట బండి నిలిపి, గోడకు పది మీటర్ల దూరం అడుగులతో కొలిచాను. దీపం నడిబొడ్డు ఎత్తున ముసలాయన బొగ్గుతో గీత గీశాడు. డిమ్ము వెలుతురు పై అంచు ఆ గీతకు పది సెంటీమీటర్లు దిగువన పడాలి. రింగు తీస్తే పైన ఒక స్క్రూ, పక్కన ఒక స్క్రూ. మా ఆవిడ టార్చి పట్టుకుంది. ముసలాయన గోడ దగ్గర నిలబడి, "ఇంకా దించు... ఇంకాస్త... ఆఁ, చాలు," అంటూ ఉంటే నేను తిప్పాను. చివరకు ఆయన బండికెదురుగా రోడ్డు మీద నడిచొచ్చి, చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నావైపు చూశాడు.

"ఇప్పుడు నువ్వు అగపడతన్నావు," అన్నాడు.

పేట దాటి రహదారి ఎక్కాం. ముందుపోయే లారీ వెనక, రాత్రిపూట డిప్పర్ వాడమని రాసి ఉంది. ఇన్నేళ్లుగా ఆ అక్షరాలు చూస్తూనే ఉన్నాను. ఆ రోజే చదివాను. ఇంటికి చేరి బస్తాలు దించగానే మళ్లీ స్క్రూడ్రైవరు తీశాను.

"ఇంకేం పని?" అంది మా ఆవిడ.

"బరువు దిగిందిగా, ముక్కు సరిచెయ్యాలి," అన్నాను.

"బండిదేనా?" అని నవ్వుతూ ఆవిడ లోపలికి వెళ్లింది.