పోటు చెవిలో.. పుచ్చు పంట్లో!

రాత్రయితే చాలు, ఆమెకు కుడి చెవిలో పోటు. అత్తగారు వెల్లుల్లి వేసి కాచిన నూనె రెండు చుక్కలు వేసేవారు. (కర్ణభేరికి చిల్లుంటే ఈ చుక్కలే ముప్పు తెస్తాయి. మన ఇళ్లలో వినేదెవరు!) పది రోజులైనా తగ్గలేదు. చెవుడొస్తుందేమోనని ఆమెకు దిగులు పట్టుకుంది.

ఈఎన్‌టీ డాక్టరు లైటు పెట్టి చూశారు. చెవి శుభ్రంగా ఉంది.

'ఏ వైపు నములుతున్నారమ్మా?' అనడిగారు.

ఎడమవైపే. ఎన్నాళ్ల నుంచో ఆమెకే గుర్తులేదు.

కింది పళ్లు, దవడ కీలు, చెవి ముందు భాగం... వీటన్నిటి నొప్పినీ మెదడుకు మోసుకెళ్లేది ఒకే నరం. ట్రైజెమినల్ అంటారు దాన్ని. దారి ఒకటే కావడంతో కబురు ఎక్కడిదో మెదడు పోల్చుకోలేక పొరబడుతుంది. నిద్రలో పళ్లు కొరికేవారికి దవడ కీలు అలిసిపోయి చెవి నొప్పెట్టేదీ ఇలాగే.

దంతవైద్యుడు చూస్తే, కింద కుడివైపు దవడపన్ను లోపలిదాకా పుచ్చిపోయి ఉంది. రెండేళ్ల కిందట చల్లనీళ్లకు జివ్వుమన్న పన్నే అది. పిల్లాడి స్కూలు ఫీజు కట్టాక చూద్దామనుకుంది. ఆ తర్వాత మరో ఫీజు.

రూట్ కెనాల్ చేశారు. మూడో రాత్రి అత్తగారు అలవాటుగా నూనెగిన్నెతో వచ్చేసరికి, ఆమె కుడివైపు ఒత్తిగిలి గాఢనిద్రలో ఉంది.