నవ్వు ఎవరి మీద?

నాటకం అనగానే మన ఇళ్లలో పెద్దవాళ్లకి గుర్తొచ్చేవి కిరీటాలు, పద్యాలు, హార్మోనియం పెట్టె. కానీ మన ఆధునిక రంగస్థలం కళ్లు తెరిచింది నవ్వుతోనే. 1880లో రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం పంతులుగారు ప్లీడర్లను ఏకేస్తూ ‘వ్యవహార ధర్మబోధిని’ రాసి, తన దగ్గర చదువుకునే కుర్రాళ్లచేతే ఆడించారు. షేక్‌స్పియర్ ‘కామెడీ ఆఫ్ ఎర్రర్స్’ని ‘చమత్కార రత్నావళి’గా మార్చి అదీ వాళ్లతోనే వేయించారు. ఓ మాస్టారు, కొందరు పిల్లలు. అంతే పెట్టుబడి!

మొన్నామధ్య ఓ విశ్వవిద్యాలయం రంగస్థల శాఖ విద్యార్థులు వరసగా నాలుగు ఆదివారాలు హాస్యనాటకాలే వేస్తున్నారని తెలిసి వెళ్లాను. ఆరుబయలు వేదిక, అద్దె కుర్చీలు. ముందు వరస అతిథుల కోసమని ఖాళీగా ఉంచారు. అది నాలుగు వారాలూ ఖాళీగానే ఉంది. వీరేశలింగం ప్రహసనం ఒకటి, భమిడిపాటి కామేశ్వరరావుగారి నాటిక ఒకటి, ఆ భమిడిపాటివారు తెలుగువాళ్లకి పరిచయం చేసిన మోలియర్‌ది ఒకటి. ఆఖరి వారం ‘కన్యాశుల్కం’లో కొన్ని ఘట్టాలు.

రిహార్సల్స్ చూస్తే నవ్వించడం ఎంత కష్టమో తెలిసొచ్చింది. నవ్వు వచ్చినప్పుడు ఆగాలట. అది పూర్తిగా చల్లారకముందే తర్వాతి మాట అందుకోవాలట. ముందే అందుకుంటే మాట వినబడదు, ఆలస్యమైతే వేడి పోతుంది. మరి ఎదుట జనం లేకుండా ఈ లెక్క కుదిరేదెలా? అందుకని దర్శకుడు క్యాంటీన్ కుర్రాణ్నీ, హాస్టల్ వాచ్‌మన్‌నీ పిలిచి కూర్చోబెట్టేవాడు. వాచ్‌మన్ ఓ పట్టాన నవ్వే రకం కాదు. ఆయన పెదవి కదిలితే ఆ డైలాగు పాసైనట్టే.

ఆ బృందంలో శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చిన కుర్రాడొకడున్నాడు. రెండేళ్లుగా అతనికి నౌకరు వేషాలే. “నేను నోరు తెరిస్తే చాలండి, నవ్వేస్తారు. డైలాగు దాకా ఆగరు” అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ, ఆ నవ్వు నాకు నచ్చలేదు. మన సినిమాలు మాత్రం తక్కువ తిన్నాయా? ఏళ్ల తరబడి హీరోకి ఒక తెలుగు, తెలంగాణ వాడికీ ఉత్తరాంధ్ర వాడికీ మరో తెలుగు పెట్టి, ఆ రెండోదాన్ని చూసి నవ్వమన్నాయి. మనమూ టికెట్ కొనుక్కుని మరీ నవ్వాం.

ఈసారి దర్శకుడు ఆ కుర్రాడికి ఏకంగా గిరీశం వేషం ఇచ్చాడు. శాఖలో గుసగుసలు. “గిరీశం అలా మాట్లాడతాడా?” అని ఒకరు అడిగేశారు కూడా. “మరి విజయనగరంలో ఎలా మాట్లాడతాడు సార్?” అన్నాడు కుర్రాడు.

అడిగినాయన మాటలో బొత్తిగా పస లేదని కాదు. ‘కన్యాశుల్కం’లో గిరీశం భాష వేరు, నౌకరు అసిరిగాడి భాష వేరు. ఎవరి నోట వాళ్ల మాట పలికించడమే గురజాడ గొప్ప. కానీ 1892లో ఆ నాటకం మొదట ఆడింది విజయనగరంలోనే కదా! ఆ గాలిలో పుట్టిన గిరీశాన్ని రేడియో వార్తల తెలుగులో మాట్లాడించడం కంటే ఈ కుర్రాడి పలుకే నయం అనిపించింది నాకు.

ఆ ఆదివారం సాయంత్రం కుర్రాడు వేదిక మీదికి రాగానే, మొదటి మాటకే వెనక వరసల్లోంచి ఆ పాత నవ్వే వచ్చింది. అతను దాన్ని అందుకోలేదు. ఆగాడు. చొక్కా సర్దుకున్నాడు. నవ్వు దానంతటదే సిగ్గుపడి సద్దుమణిగింది. ఆ తర్వాత వచ్చిన నవ్వులన్నీ గిరీశం కోతల మీద, గొప్పల మీద. మంచం కింద దూరిన ఘట్టంలో, పూటకూళ్లమ్మ చీపురు తీసుకునేసరికి పక్కనున్న పెద్దావిడ పమిటచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వాచ్‌మన్ కూడా నవ్వాడు. చిన్నపిల్ల సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకి అమ్మజూసే మాటలు వచ్చినప్పుడు మాత్రం ఎవరూ నవ్వలేదు. ఎవరూ ఆగమనకుండానే ఆగిపోయారు.

కుర్రాడి తండ్రి ఊరి నుంచి రాత్రి రైల్లో వచ్చాడు. గిరీశం ఎవరో, గురజాడ ఎవరో ఆయనకి తెలీదు. నాటకం అయ్యాక గ్రీన్‌రూం గుమ్మం దగ్గర నిలబడి, రంగు తుడుచుకుంటున్న కొడుకుని అడిగాడు:

“ఒరే, ఆ పూటకూళ్లమ్మ డబ్బులు ఇచ్చీసినావేట్రా?”

“ఇంకా నేదయ్యా” అన్నాడు కొడుకు.