దొరువుకి ట్యాగు లేదు

మీ ఫోనులో ఉన్న మ్యాపుకి మీ ఊరి గురించి ఎంత తెలుసో ఎప్పుడైనా చూశారా? హైదరాబాదులోనో బెంగుళూరులోనో మనం అద్దెకుండే అపార్టుమెంటు సంగతి కాదు నేనడిగేది. పండక్కి వెళ్ళే ఊరి సంగతి. ఇక్కడ ఏ బ్లాకుకి ఏ గేటో, ఏ బిర్యానీ సెంటరు ఎన్నింటికి కట్టేస్తారో కూడా చెప్పే మ్యాపు, ఆ ఊరి దగ్గరికొచ్చేసరికి ఒక గీతా, ఒక చుక్కా చూపించి ఊరుకుంటుంది.

మాది కొత్తపట్నం. ఒంగోలు వాళ్ళకి ఆదివారం సాయంత్రం బీచి. చరిత్ర చదివినవాళ్ళకి 1937లో రాజకీయ పాఠశాల పెట్టిన ఊరు, అప్పటి ప్రభుత్వం ఆ పాఠశాలని నిషేధించిన ఊరు. మ్యాపుకి మాత్రం ఒక స్పెల్లింగు. మనం ఇంగ్లీషులో 'త'కి టీ పక్కన హెచ్ పెడతాం కదా, యంత్రం దాన్ని మళ్ళీ తెలుగులోకి తెచ్చేటప్పుడు ఒకోసారి 'కొథపట్నం' అంటుంది, ఒకోసారి ఏకంగా 'కోతపట్నం' అంటుంది. సముద్రం ఒడ్డున ఉన్న ఊరికి 'కోత' అని పేరు పెట్టడం యంత్రం వేసిన జోకు అనుకోవాలి :)

ఇదంతా నవ్వుకుని వదిలేసే విషయమే. 2023 డిసెంబరు 5 దాకా నేనూ అలాగే నవ్వుకునేవాణ్ణి. ఆ రోజు మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మా పెద్దమ్మ ఉండేది ఊరికి ఎడంగా, ఇసక మీద. నేనున్నది హైదరాబాదులో, ఆఫీసు కాల్‌లో. మైకు ఆపేసి ఫోనులో మ్యాపు తెరిచి, ఆమె ఇంటి దగ్గర్నుంచి తుఫాను షెల్టరు ఎంత దూరమో చూద్దామనుకున్నా. షెల్టరు లేదు. ఇసకలో బాట లేదు. ఇల్లు సంగతి సరేసరి. పెద్దమ్మకి మ్యాపుతో పని లేదు కాబట్టి ముందురోజే నడుచుకుంటూ వెళ్ళి, రెండు రాత్రులు అక్కడే పడుకుని వచ్చింది. కానీ సాయానికి బయటి నుంచి వచ్చేవాళ్ళ సంగతేమిటి? వాళ్ళ చేతిలో ఉండేది కూడా నా చేతిలో ఉన్నలాంటి మ్యాపే కదా.

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ గురించి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. 2004లో స్టీవ్ కోస్ట్ అనే ఆయన ఇంగ్లండులో మొదలుపెట్టాడు. అంతకు ముందు సంవత్సరం డిసెంబరులోనే మన తెలుగు వికీపీడియా మొదలైంది. రెండింటిదీ ఒకే సూత్రం: తెలిసినవాళ్ళు రాయండి, ఎవరైనా వాడుకోండి. 2010 జనవరిలో హైతీ దేశంలో భూకంపం వచ్చినప్పుడు, ప్రపంచంలో ఎక్కడెక్కడో కూర్చున్న స్వచ్ఛంద కార్యకర్తలు ఉపగ్రహ చిత్రాలు చూసి ఆ దేశ రాజధాని వీధులన్నీ గీసిపెట్టారు. సహాయ బృందాలు ఆ మ్యాపునే చేత్తో పట్టుకుని తిరిగాయి. అంటే ఇది తీరిక ఉన్నవాళ్ళ సరదా పనే కాదు, ఒకోసారి ప్రాణావసరం కూడా.

సరే, నేనూ అలాగే ఉపగ్రహ చిత్రంతో మొదలుపెట్టా. రెండు వారాంతాల్లో చాలా గీశా. కాసేపటికి ఒక విషయం అర్థమైంది. పైనుంచి చూస్తే రొయ్యల చెరువులు భలే కనపడతాయండీ! గళ్ళ నోటుపుస్తకం మీద గీసినట్టు నలుచదరంగా, గట్లతో సహా. బకింగ్‌హాం కాలువ కనపడుతుంది. కొత్తగా కట్టిన డాబాలు కనపడతాయి. రిసార్టు అయితే మెరుస్తూ ఉంటుంది. కనపడనివి ఏమిటంటే... తాటిచెట్ల కింద గుడిసెలు, సరుగుడు తోటల్లోంచి పోయే కాలిబాటలు, దొరువులు. అంటే డబ్బున్న వస్తువు ఏదైనా ఆకాశం నుంచి కనపడుతుంది, లేనిది చెట్టు చాటునుంటుంది. ఉపగ్రహ చిత్రాల్లోంచి రోడ్లనీ ఇళ్ళనీ యంత్రమే గుర్తుపట్టి గీసేస్తున్న రోజులివి. మంచిదే. కానీ ఆ యంత్రం కూడా చూసేది పైనుంచే. మిగతా సగం కావాలంటే ఎవరో ఒకరు చెప్పులేసుకుని నడవాల్సిందే.

అందుకని 2024 వేసవి నుంచీ, ఊరెళ్ళినప్పుడల్లా పొద్దున్నే ఆరింటికి ఫోనూ, ఒక నోటుపుస్తకమూ పట్టుకుని బయలుదేరడం అలవాటైంది. (ఎండాకాలం తొమ్మిదయ్యాక ఆ ఇసక మీద నిలబడలేం.) ఫోను విషయంలో ఒక సంగతి మనవాళ్ళలో కూడా కొందరికి తెలియదు. జీపీఎస్‌కి మొబైల్ సిగ్నల్ అక్కర్లేదు. మన ఫోను ఉపగ్రహానికి ఏమీ పంపదు, వింటుంది, అంతే. 20,000 కిలోమీటర్ల పైన తిరుగుతున్న నాలుగు ఉపగ్రహాల గడియారాలు వినపడితే చాలు, ఎక్కడున్నామో లెక్క కట్టుకుంటుంది. 2000 మే దాకా అమెరికా ప్రభుత్వం మామూలు జనానికిచ్చే సిగ్నల్‌లో కావాలనే తేడా కలిపేది, వంద మీటర్ల దాకా తప్పు చూపించేది. అది తీసేశాక ఇప్పుడు ఆరుబయట మన ఫోను ఐదు మీటర్ల అటూ ఇటూలో చెప్పేస్తుంది. అక్షాంశంలో ఒక డిగ్రీ అంటే 111 కిలోమీటర్లు. పాయింటు తర్వాత నాలుగో అంకె అంటే 11 మీటర్లు, ఐదో అంకె అంటే మీటరు చిల్లర. మా పెద్దమ్మ దొరువు ఉండేది ఆ ఐదో అంకెలో.

ఇందాకట్నుంచీ దొరువు దొరువు అంటున్నా, పైనాటివాళ్ళకి అదేంటో తెలియకపోవచ్చు. సముద్రం పక్కన ఇసక నేలలో నాలుగైదడుగులు తవ్వితే మంచినీళ్ళు ఊరే గుంట. వాన నీరు ఇసకలోకి దిగి, కిందున్న ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది, పాల మీద మీగడలాగా. ఉప్పునీటి కంటే మంచినీరు సుమారు రెండున్నర శాతం తేలిక, అదీ కిటుకు. దీనికి 19వ శతాబ్దం చివర్లో యూరపులో లెక్క కట్టారు: సముద్రమట్టం కంటే ఒక మీటరు ఎత్తున మంచినీరు నిలిస్తే, మట్టం కింద 40 మీటర్ల దాకా మంచినీరే ఉంటుంది. వినడానికి బాగుంది కదా, ఇప్పుడు దాన్ని తిరగేసి చూడండి. మోటారు పెట్టి పైన ఒక మీటరు లాగేస్తే కింద ఉప్పునీరు 40 మీటర్లు పైకి వస్తుంది. అందుకే దొరువుని లోతుగా కాదు, వెడల్పుగా తవ్వుతారు. మోటారు పెట్టరు, కడవలతో ముంచి మొక్కలకి పోస్తారు. ఈ లెక్కంతా నేను పెద్దమ్మకి ఉత్సాహంగా చెప్తే, ఆవిడ ఒక్క ముక్కలో తేల్చేసింది: "అంతేగదరా, ఆశపడి లోతుకి పోతే ఉప్పొచ్చుద్ది."

ఇప్పుడు అసలు చిక్కు. మ్యాపులో ప్రతి వస్తువుకీ ఒక ట్యాగు ఉండాలి. బావికి ఉంది, చెరువుకి ఉంది, కొలనుకి ఉంది, ఈతకొలనుకి కూడా ఉంది. దొరువుకి లేదు! బావి అందామంటే దానికి వర లేదు. చెరువు అందామంటే గట్టూ లేదు, తూమూ లేదు. డేటాబేసు డిజైను చేసినవాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు: మనం పెట్టిన గడుల్లో పట్టనిది ఈ లోకంలో లేనట్టే లెక్క. రిపోర్టు తీస్తే రాదు, రిపోర్టులో రానిదాని గురించి మీటింగులో ఎవరూ మాట్లాడరు. పక్కన రొయ్యల చెరువుకి అనుమతి ఇచ్చేటప్పుడు "ఇక్కడ మంచినీటి వనరులేమైనా ఉన్నాయా?" అని అడిగితే, మ్యాపు చూసి "ఏమీ లేవండీ" అని నిజాయితీగా చెప్పే అధికారిని మనం తప్పు పట్టగలమా? అదృష్టమేమిటంటే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో కొత్త ట్యాగు పెట్టుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ప్రస్తుతానికి నీటి గుంటల కింద పెట్టి, రకం దగ్గర 'దొరువు' అని తెలుగులోనే రాస్తున్నా. ఏ దేశంవాడో అదేంటని అడిగితే చెప్పడానికి పెద్దమ్మ మాట ఉండనే ఉంది.

పెద్దమ్మ వెంట తిరిగి చూపించినవి పదకొండు. అందులో నాలుగు పూడిపోయాయి. ఇప్పుడు నేల మీద లేనిది మ్యాపులో పెట్టకూడదన్నది అక్కడి నియమం. మంచి నియమమే, లేకపోతే జ్ఞాపకాలతో మ్యాపు నిండిపోతుంది. కాబట్టి ఆ నాలుగూ నా నోటుపుస్తకంలో ఉన్నాయి. ఎవరు తవ్వారు, ఏం పండించారు, ఎప్పుడు ఉప్పయ్యాయి అన్నది కూడా రాసిపెట్టా. దేనికి పనికొస్తుందంటే ఏం చెప్పను!

ఉన్నవన్నీ పెట్టాలా అంటే, అదీ కాదు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరబోట్ల మీద వేట నిషేధం కదా. ఆ రోజుల్లో పల్లెపాలెంలో మగవాళ్ళు వలలు బాగుచేసుకుంటూ ఒడ్డునే ఉంటారు, మాట్లాడటానికి దొరుకుతారు. అలా ఒక బాబాయ్‌తో పరిచయమైంది. ఆయన దగ్గర నా ఫోను కంటే పాత జీపీఎస్ సెట్టు ఉంది, నాకంటే బాగా వాడతాడు. అది రాకముందు, ఒడ్డున ఉన్న గుడి శిఖరమూ ఫలానా తాడిచెట్టూ ఒక వరసలోకి, ఇంకోవైపు మరో రెండు గుర్తులు ఇంకో వరసలోకి వచ్చినచోట వల వేసేవాళ్ళట. రెండు సరళరేఖలు ఖండించుకునే బిందువు! మనం ఇంటర్‌లో చదివిన లెక్కే. ఇప్పుడా బిందువులన్నీ ఆయన సెట్టులో నంబర్లుగా ఉన్నాయి. "అయ్యి కూడా ఎక్కిస్తావా అబ్బాయ్?" అని అడిగాడు. "ఎక్కించను బాబాయ్" అన్నా. "ఎక్కించమాక. మా నాయన చచ్చేముందు చెప్పిన చోట్లు అందులో ఉండాయి" అన్నాడు.

సమాచారం అంతా అందరికీ అందుబాటులో ఉండాలి అన్నది కాలేజీ రోజుల నుంచీ నా నమ్మకం, ఇప్పటికీ అదే. కానీ అందరికీ అందుబాటు అంటే పెద్ద బోటున్నవాడికి ముందు అందుబాటు అని అర్థం. షెల్టరు ఎక్కడుందో ఎంతమందికి తెలిస్తే అంత మంచిది, దాని విలువ పెరుగుతుంది. చేపలున్న చోటు ఎంతమందికి తెలిస్తే అంత తొందరగా ఖాళీ అవుతుంది. రెండూ అక్షాంశ రేఖాంశాలే, రెండూ కంప్యూటరుకి ఒకేలా కనపడతాయి. తేడా తెలియాల్సింది మనకి. సముద్రపు తాబేళ్ళు గుడ్లు పెట్టే చోట్లూ అంతే. జనవరి నుంచి మార్చి దాకా మన తీరానికి ఆలివ్ రిడ్లేలు వస్తాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలు జీవి అది. గూడు కనపడితే అటవీ శాఖ వాళ్ళకి చెప్పాలి, మ్యాపులో గుచ్చకూడదు.

అన్నిటికంటే కష్టమైంది ఒక వీధి పేరు. ఊళ్ళో ఒక పేటని మిగతావాళ్ళంతా తాతలనాటి నుంచీ కులం పేరుతోనే పిలుస్తారు. మీ ఊళ్ళోనూ ఇలాంటిది ఒకటి ఉండే ఉంటుంది. ఆ పేటవాళ్ళు మాత్రం అంబేద్కర్ గారి పేరు పెట్టుకుని, సిమెంటు బోర్డు కూడా కట్టించుకున్నారు. దారి అడిగితే ఊళ్ళో పదిమందిలో తొమ్మిదిమంది పాత పేరే చెప్తారు. 'జనం వాడుకలో ఉన్నదే పేరు' అనే లెక్కన పాతదే రాయాలి. నేను బోర్డు మీద ఉన్నదే రాశా. 'ప్రత్యామ్నాయ నామం' అని ఇంకో గడి ఉంది, పాతదాన్ని అందులో పెట్టొచ్చు కదా, వెతికేవాళ్ళకి దొరుకుతుంది అని మిత్రుడొకడు అన్నాడు. సాంకేతికంగా వాడి మాట నిజం. ఆ గడి ఖాళీగా వదిలేశా. వాళ్ళింటికి ఏం పేరో చెప్పాల్సింది వాళ్ళు. పదిమందిలో తొమ్మిదిమంది ఓటేస్తే తేలే విషయం కాదది.

ఇదంతా ఎందుకు చేస్తున్నావు, దీనికి నీకేమొస్తుంది అని అమ్మ దగ్గర్నుంచి ఆఫీసులో మిత్రుల దాకా అడుగుతూనే ఉన్నారు. రెజ్యూమేలో పెట్టుకోవచ్చు అని సలహా ఇచ్చినవాళ్ళూ ఉన్నారు. ఆరేళ్ళుగా నేను రాసిన కోడు ఏ దేశంలో ఏ సర్వరు మీద నడుస్తోందో, అది ఆగిపోతే ఎవరికి బాధో నాకు సరిగ్గా తెలియదు. జీతం వస్తుంది, ఇంటి లోను నడుస్తోంది, దాన్ని చులకన చెయ్యను. కానీ ఒక పని పూర్తయిందని ఒంటికి తెలియడం ఒకటుంటుంది చూడండీ, పిక్కలు లాగుతూ, చెప్పుల్లో ఇసకతో, అది మాత్రం టిక్కెట్టు మూసేసినప్పుడు ఎప్పుడూ తెలియలేదు. ఇంకొకటి... పాతికేళ్ళు ఆ ఊరివాణ్ణని చెప్పుకుని తిరిగినవాడికి, ఊళ్ళో ఎవరు ఎక్కడ నీళ్ళు తోడుకుంటారో ఇప్పుడే తెలుస్తోంది.

పెద్ద గొప్పలు పోవడానికి ఏమీ లేదు. తుఫాను షెల్టరూ, దానికి పోయే రెండు బాటలూ, పంచాయతీ మంచినీళ్ళ ట్యాంకూ, ఏడు దొరువులూ, పల్లెపాలెంలో వీధులు సగం. ఇంతవరకు అయింది ఇదీ. నెట్టు లేకపోయినా పనిచేసే మ్యాపు ఆప్‌లు రెండు మూడున్నాయి, వాటిల్లో ఇవన్నీ కనపడుతున్నాయి. మళ్ళీ తుఫానొస్తే ఎవరైనా ఇది తెరుస్తారో లేదో చెప్పలేను. తెరిస్తే మాత్రం ఖాళీగా ఉండదు.

ఈసారి మీరు ఊరెళ్ళినప్పుడు ఒక్క పొద్దున్న చేసి చూడండి. చేతిపంపు దగ్గర మొదలుపెట్టండి. దాని పేరేంటని పక్కనున్న పెద్దావిణ్ణి అడగండి, మిగతాది ఆవిడే నడిపిస్తుంది. మీ ఊళ్ళో కూడా ఏ గడిలోనూ పట్టని వస్తువు ఒకటి ఉండకపోదు. దాన్ని ఏమంటారో మాత్రం ఇంగ్లీషులోకి మార్చకుండా రాయండి.