ఒక్క అడుగు చోటు

ఇంటికి చుట్టాలొస్తే మడతమంచం వేస్తాం. అదీ చాలకపోతే హాల్లో చాపలు పరిచి, పిల్లల్ని వరసగా పడుకోబెట్టి, "సర్దుకోండర్రా" అంటాం. ఆ ఒక్క మాట మీద మన ఇళ్ళల్లో ఎన్ని పెళ్ళిళ్ళు గట్టెక్కాయో! కాని పడవలోకి చుట్టాలొస్తే ఏం చేయాలి? అక్కడ సర్దుకుందామన్నా గోడలు నిటారుగా ఉండవు.

అమెరికాలో మేరీలాండ్ రాష్ట్రానికి రాజధాని అన్నాపోలిస్. దాన్ని ఆనుకునే చెసపీక్ అఖాతం. పొడవు దాదాపు 200 మైళ్ళు. నదుల మంచినీళ్ళూ సముద్రపు ఉప్పునీళ్ళూ కలిసే చోటు. ఆ ఊళ్ళో కార్లెన్నో పడవలూ అన్నేనేమో అనిపిస్తుంది. మా అమ్మాయీ అల్లుడూ కూడా ఓ పాత తెరచాప పడవ కొన్నారు. పొడవు 25 అడుగులు. లోపల చిన్న గది. ఈ పక్కో బల్ల, ఆ పక్కో బల్ల, మధ్య నడవ, ముందు కొసన వాళ్ళిద్దరి పడక. రైల్లో సైడు బెర్తు ఎరిగినవాళ్ళకి ఇంతకంటే వర్ణన అక్కర్లేదు.

బల్ల వెడల్పు 22 అంగుళాలు. కూర్చోడానికి దివ్యంగా ఉంటుంది. పడుకుని అటు తిరిగామా, నడవలో తేలతాం.

నాకు పరవాలేదు. మావారికి రెండేళ్ళ కిందట తుంటి కీలు మార్చారు. పక్కకి తిరగాలంటే మోకాళ్ళ మధ్య దిండు పెట్టుకుని, నెమ్మదిగా, మూడు విడతల్లో తిరగాలి. అంచేత శనివారం వాళ్ళు పడవలో రాత్రి గడపడానికి బయల్దేరితే, "మీరెళ్ళి రండి, నేను పేపరు చదువుకుంటా" అనేవారు. ఆయన ఉండిపోతే నేనూ ఉండిపోవాలి గదా! ఇంతకీ ఆ మాటన్నది ఎవరు? కోనసీమలో, వైనతేయ గట్టున పుట్టిన మనిషి. గాలి పడిపోయినప్పుడు గట్టు వెంట నడుస్తూ తాళ్ళతో పడవలు లాగేవాళ్ళ వెనకాల పరిగెత్తి, ధాన్యం బస్తాల మీద నిద్రపోయిన మనిషి. ఆయన శనివారం సాయంత్రం ఫ్లాటు బాల్కనీలో నిలబడి, ఊగే చెట్టుకొమ్మని చూసి గాలి ఏ దిక్కుదో చెబుతూ ఉండేవారు. నాకది చూడబుద్ధయ్యేది కాదు.

ఓ రోజు అమ్మాయి టేపు పట్టుకొచ్చి, "అమ్మా, నాన్నకి తిరగడానికి ఎంత వెడల్పు కావాలో చూడు" అంది. ఆయన్ని కార్పెట్టు మీద పడుకోబెట్టి కొలిచాను. దిండుతో సహా 32 అంగుళాలు. బల్లకి ఇంకో 12 కలిపితే 34. "రెండంగుళాలు అల్లుడి లాంఛనం అనుకోండి మామయ్యగారూ" అన్నాడు అల్లుడు.

సరిగ్గా 12 ఎందుకంటే, వీపు ఆనుకునే మెత్త ఎత్తు అంతే. పగలు వీపు వెనక ఉండేది రాత్రి పక్కలోకి దిగుతుంది. కొత్త మెత్త కొననక్కర్లేదు, పగలు దాన్ని ఎక్కడ దాచాలా అని వెతకనక్కర్లేదు.

కిటుకు చెబుతాను. మీ రెండు చేతుల వేళ్ళూ ఒకదాని సందుల్లో ఒకటి దూర్చి, మెల్లిగా ఎడంగా లాగి చూడండి. అంతే! బల్ల మీది పలక తీసేసి 13 బద్దలు పరిచారు. ఏడు బల్లకే బిగించినవి. వాటి సందుల్లో ఉన్న ఆరూ ముందువైపు ఓ అడ్డపట్టీకి బిగించినవి. పట్టీ పట్టుకు లాగితే ఆ ఆరూ సొరుగులా 12 అంగుళాలు నడవలోకి వస్తాయి. పూర్తిగా ఊడి రాకుండా కింద ఓ అడ్డుకర్ర. పట్టీ వెనక మడతబందులతో రెండు కాళ్ళు. పడవ ఊగినా అవి జారకుండా నేలమీద చిన్న చెక్కగూళ్ళు. బద్దల సందుల్లోంచి గాలి ఆడుతుంది గనక మెత్తల అడుగున చెమ్మ చేరి బూజు పట్టే బాధ కూడా తగ్గింది.

మా ఊళ్ళో అయితే వడ్రంగిని పిలిచి, రెండు పూటలా టీ ఇచ్చి చేయించేవాళ్ళం. అక్కడి కూలి వింటే ఆ టీ మనం తాగి తేరుకోవాలి. అంచేత పని మాదే. తడిగాలికి మామూలు ప్లైవుడ్ పొరలు విడిపోతుందని, నీటికి ఊడని జిగురుతో అతికిన మెరైన్ ప్లైవుడ్ తెచ్చారు. కోసిన అంచులు నీళ్ళు పీల్చకుండా రెండు పూతలు ఎపాక్సీ. స్క్రూలన్నీ స్టెయిన్‌లెస్ స్టీలువి. ఉప్పుకాగితం పట్టడం నా వంతు. అట్ట నమూనా కూడా నేనే కోశాను. పడవ గోడ వంపు తిరిగి ఉంటుంది. ఏ మూలా మూలమట్టానికి లొంగదు. ఏడు బద్దలకీ ఏడు పొడవులు! "అత్తయ్యగారూ, మీరు ఇంజనీరు కావలసింది" అన్నాడు అల్లుడు. జాకెట్టుకి చంక కత్తిరించడం వచ్చినవాళ్ళకి పడవ గోడ ఓ లెక్కా బాబూ!

చివర్లో ఓ పేచీ వచ్చింది. కూర్చునే మెత్త మందం 4 అంగుళాలు, వీపుదేమో 3. ఆ అంగుళం మెట్టు సరిగ్గా ఆయన తుంటి కిందికే వస్తుంది. ఆవకాయ సీసాకి చుట్టి తెచ్చిన పాతచీరల బొంత ఉండనే ఉంది. మడిచి కింద వేస్తే సరిపోయింది. నూలుగుడ్డ ఉప్పుతేమ పట్టిందంటే ఓ పట్టాన ఆరదు గనక, దిగేటప్పుడల్లా దాన్ని ఇంటికి మోసుకురావడం ఒకటి.

తర్వాతి శనివారం సౌత్ నదిలో లంగరేశారు. దీపం ఆర్పాక చీకట్లో చెవులు రిక్కించి పడుకున్నాను. బద్దలు ఒకసారి కిర్రుమన్నాయి. తిరిగారు. మూడు విడతలూ వినబడ్డాయి. ఆ తర్వాత గురక. తెల్లవారుఝామున మెలకువ వచ్చి చూస్తే పక్క ఖాళీ! గుండె గుభేలుమంది. పైకి వెళ్ళి చూద్దును గదా, మెడకి మఫ్లరు చుట్టుకుని, చుక్కాని దగ్గర కూర్చుని ఉన్నారు. "గాలి వాయవ్యానికి తిరిగిందే" అన్నారు, నేనేదో అడిగినట్టు.

పొద్దున్నే కాళ్ళు మడిచి, బద్దలు లోపలికి తోసింది ఆయనే. "మీ అమ్మ బల్లకీ ఇలాంటిది పెట్టమ్మా" అన్నారు. అమ్మాయి టేపు తీసింది. నడవ 26 అంగుళాలు. రెండు వైపులా లాగితే మిగిలేది రెండు.

"రాత్రి లేవాలంటే?" అన్నాను.

"ఒకరి మీంచి ఒకరు దాటాలి" అంది అమ్మాయి.

నా 22 అంగుళాలు నాకు చాలునన్నాను.